‘అప్‌సెట్’ అయిన ధర, కలఁగిన మనసు

సందేహం: మా మనుమరాలు బడి నుంచి వచ్చి, “అమ్మమ్మా, ఈరోజు నేను చాలా అప్‌సెట్ అయ్యాను” అంటుంది. మొన్న పత్రికలో ఒక బ్యాంకువారి వేలం ప్రకటన చూస్తే, ఒక ఫ్లాటుకు ‘అప్‌సెట్ ప్రైస్’ ఇంత అని వేశారు. ధర కూడా బాధపడుతుందా? ఈ మాటకు అసలు అర్థమేమిటి? దీన్ని తెలుగులో ఏమనాలి? (పెరంబూరు, చెన్నై నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ధర బాధపడదు. ఆ ధర చూసి కొనదలచినవారు బాధపడితే అది వేరే సంగతి.

ఇంగ్లీషులో ఈ క్రియ 15వ శతాబ్దంలో కనిపించేనాటికి దాని అర్థం ఇప్పటిదానికి నేరుగా తలకిందులు. ‘అప్’ అంటే పైకి, ‘సెట్’ అంటే ఉంచు. రెండూ కలిస్తే ఎత్తి నిలబెట్టడమే. పడదోయడానికి వారికి ‘ఓవర్‌సెట్’ అని మరో మాట ఉండేది. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఆ పాత మాట పని కూడా ‘అప్‌సెట్’ మీదనే పడింది. పడవలూ బండ్లూ బోల్తాపడడానికి వాడిన క్రియ చూస్తుండగానే మనసుకు పాకి, 1830ల నాటికి కడుపునూ పట్టుకుంది. మీరు చూసిన ప్రకటనలో మిగిలింది పాత అర్థపు ఆనవాలు. పాటదారులు నోరు తెరవకముందే అమ్మేవారు ఎత్తిపెట్టిన ధర అది. అంతకు తక్కువకు పాట సాగదు. కమ్మరిపనిలో కాలిన కడ్డీ కొసను మోది పొట్టిగా, లావుగా చేయడాన్ని కూడా ఇదే మాటతో చెబుతారని అంబత్తూరు కార్ఖానాల్లో పనిచేసేవారికి తెలుసు. 1919లో అమెరికాలో ‘అప్‌సెట్’ అనే గుర్రం ఒక మేటి గుర్రాన్ని ఓడించిందనీ, ఆటల్లో అనుకోని ఓటమికి ఆ పేరు అప్పటి నుంచే వచ్చిందనీ చెప్పే కథ ముచ్చటగా ఉంటుంది గానీ, ఆ వాడుక గుర్రం కంటే పాతది.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లీషువాడు మనసును బండిగా ఊహించి బోల్తా కొట్టించాడు. మనవాళ్లు మనసును నీళ్లుగా చూశారు. కలఁగు, కలఁచు అనే క్రియల జంట ఆ చూపులో నుంచి వచ్చినదే. నీరు దానంతట అది బురదబారితే కలఁగుతుంది, ఎవరైనా కాలో కర్రో పెట్టి కెలికితే వారు దాన్ని కలఁచుతారు. మనసుకూ అంతే. మధ్యనున్న అరసున్నను అచ్చులో ఎగరగొట్టడం ఇప్పుడు ఆచారమైపోయింది. నేను దాన్ని వదలకపోవడానికి కారణం చాదస్తం ఒక్కటే కాదు. పెరంబూరులో మీ గుమ్మం దిగితే అరవంలో ఆ సున్న నిండుగా వినిపిస్తుంది: మన కలఁగు వారికి కలంగు, మన అడఁగు వారికి అడంగు, మన తూఁగు వారికి తూంగు. తెలుగులో సగం అరిగిన అనునాసికం పొరుగింట పూర్తిగా నిలిచి ఉంది. కలఁచుకు సాటిగా వారికి కలక్కు ఉంది. మద్రాసు కుర్రవాళ్లు ఎవరైనా గొప్పగా ఆడితే, పాడితే ‘కలక్కిట్టే’ అని భుజం తడతారు. నీళ్లు బురద చేశావన్న మాట మెప్పుగా మారిన తీరు నాకు ఇప్పటికీ వింతే. కన్నడిగుల కలకు కూడా ఈ కుటుంబంలోనిదే. కలుషమనే సంస్కృత పదానికీ ఈ ధాతువుకూ చుట్టరికం కలిపిన పండితులున్నారు. ఆ వాదంలోకి ఇప్పుడు దిగను.

కలఁగిన నీటికి విరుగుడు తేఱడం. మా చిన్నతనంలో వానాకాలం బావినీళ్లు ఎర్రగా వచ్చేవి. మా అమ్మమ్మ కుండ లోపలి అంచుకు చిల్లగింజను నాలుగు చుట్లు అరగదీసి, నీళ్లు పోసి, మూత పెట్టి, “తేఱే దాకా ఎవరూ ముట్టుకోవద్దు” అనేది. తెల్లవారేసరికి మడ్డి అడుగున, తేట పైన. ఆ గింజను అరవవారు తేఱ్ఱాంకొట్టై అంటారు. తేఱ్ఱు అంటే వారికి నీటిని తేర్చడమూ అవుతుంది, ఏడ్చేవారిని ఊరడించడమూ అవుతుంది. మనమూ దెబ్బతిన్న మనిషిని ‘తేరుకున్నాడా’ అని అడుగుతున్నాం గదా. అడిగేటప్పుడు ఎదుట కుండ కనబడడం లేదు, అంతే తేడా. ఈ మాటలో బండి ఱను కూడా పోగొట్టుకున్నాం, దాని దుఃఖం మరోసారి చెప్పుకుందాం.

మనసు స్థానం తప్పడమనే ఊహ మనకు బొత్తిగా లేదని అనుకోవద్దు. పోతన్న భాగవతం అష్టమ స్కంధంలో, మొసలి నోట కాలు చిక్కిన గజేంద్రుడు ఏమంటాడో చూడండి:

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్

తన మందతో దిగి మడుగును కలఁచిన ఏనుగే ఇప్పుడు కలఁగింది. ఠావు అంటే చోటు; సంస్కృతపు ‘స్థా’ ధాతువుతో చుట్టరికం గల మాట. ప్రాణాలు తమ చోట్లు తప్పాయి. ఇంగ్లీషు క్రియ బోల్తా పడి చెప్పిన దాన్ని పోతన్న రెండు మాటల్లో, అంతకంటే భయం పుట్టేలా చెప్పాడు. అంతటితో ఆగాడా? బలం లేదు, ధైర్యం అటూ ఇటూ ఊగుతోంది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ కమ్మింది, ఒళ్లు డస్సింది, అలసట ముంచుకొస్తోంది. దేనికి దాని క్రియ. ఈ రెండు పాదాలనూ ‘గజేంద్రుడు చాలా అప్‌సెట్ అయ్యాడు’ అని ముగించవచ్చునేమో గానీ, ఆ కబురుకు విష్ణుమూర్తి వైకుంఠం వదిలి పరుగెత్తి వచ్చేవాడని నేను అనుకోను.

ఇక్కడ నన్ను పట్టుకోవచ్చు. విలోలంబయ్యె, శ్రమంబయ్యెడిన్ అని పరభాషా పదానికి ‘అగు’ తగిలించిన పని పోతన్నదే అయినప్పుడు, అప్‌సెట్ అయ్యాను అంటే తప్పేమిటని అడగవచ్చు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. నా అసంతృప్తి వేరు. హర్ట్ అయ్యాను, డిస్టర్బ్ అయ్యాను, అప్‌సెట్ అయ్యాను అంటూ ఒకే తోకను పట్టుకొని తిరుగుతున్నాం. ‘ఫీలయ్యాడు’ అన్నప్పుడైతే, ఏమనిపించిందో చెప్పకుండానే బాధ అని అర్థం చేసుకోమంటున్నాం. పత్రికలవారు ఇంగ్లీషు వద్దనుకొని చేసిన పని ఇంకా విడ్డూరం. కలఁగు అనే చక్కని క్రియ ఇంట్లో ఉండగా దాన్ని ‘కలత’ అని నామవాచకం చేసి, నిలబడడానికి ‘చెందు’ అనే చేతికర్ర ఇచ్చి, ‘కలత చెందారు’ అని రాస్తారు. ‘మనస్తాపానికి గురై’ అనేది దీనికి పెద్దన్న. తల్లి ‘కలత నిద్రపోయాను’ అన్నప్పుడు ఉన్న బిగి ఇందులో ఏదీ?

మీ మనుమరాలి విషయానికి వస్తే, ఎనిమిదేళ్ల పిల్ల సంచి దించి ‘నా మనసు కలఁగినది’ అంటే అది నాటకం డైలాగులా ఉంటుంది. స్నేహితురాలు పక్కన కూర్చోనివ్వకపోతే చిన్నబుచ్చుకుంది, మాట పడితే నొచ్చుకుంది, ఏదో తెలియని దిగులైతే మనసు బాగాలేదు అంది. వీటిలో ఏది సరిపోతుందో ఏం జరిగిందని అడిగితే గాని తేలదు. పెద్దలకు, కథలు రాసేవారికి, వార్తలు రాసేవారికి మాత్రం కలఁగు, కలఁచు వాడమనే చెబుతాను. అప్‌సెట్ నిషిద్ధమని నేను అనను, అన్నా వినేవారు లేరు.

వేలం ధరకు మనకు మాట ముందే ఉంది. దండోరా కాలంలో అధికారి మొదట పలికిన ధరను ‘సర్కారువారి పాట’ అనేవారు. ఆ వేలం అన్న మాట పోర్చుగీసు నుంచి వచ్చినదైనా, పాట మాత్రం మనదే. బ్యాంకు ప్రైవేటుదైతే సర్కారు అనడం కుదరదు గనుక ‘మొదటి పాట ధర’ అనవచ్చు. ‘కనీస ధర’ అన్న వాడుక స్థిరపడుతున్నది, దానికీ నాకు అభ్యంతరం లేదు.