వేగులవాడా, విలేకరా?

సందేహం: నేను విశాఖలో ఒక పత్రిక డెస్కులో కొత్తగా చేరాను. శత్రుదేశంలోకి తన వృత్తి చెప్పకుండా వెళ్లి వార్తలు పంపిన విలేకరి గురించి రాస్తూ ‘గూఢచారి విలేకరి’ అని శీర్షిక పెట్టాను. మా సీనియర్ దాన్ని కొట్టేసి ‘అజ్ఞాత విలేకరి’ అని మార్చారు. గూఢంగా తిరిగేవాడే కదా గూఢచారి? నాది ఎందుకు తప్పు?
— ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

సమాధానం: అమ్మా, మీ సీనియర్ కొట్టేయడం సబబే. ఆయన పెట్టిన మాట మాత్రం నాకు నచ్చలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

మీరన్నట్టు గూఢంగా చరించేవాడు గూఢచారి. ఆ లెక్కన అర్ధరాత్రి వంటింట్లో బెల్లం డబ్బా వెతికేవాడూ గూఢచారే. మాటను ముక్కలు చేస్తే వచ్చే అర్థం ఒకటి, వాడుకలో స్థిరపడిన అర్థం ఇంకొకటి. మొదటిదాన్ని యోగమనీ రెండోదాన్ని రూఢి అనీ అంటారు. జాలం అంటే వల. అలాగని వలేసి పిట్టలు పట్టేవాణ్ని పెద జాలారిపేటలో ఎవరూ జాలరి అనరు. గూఢచారి అన్న మాటలోనూ పైకి కనబడని ముక్క ఒకటుంది: ‘ఎవరికోసం?’ అన్నది. కొఱకున్, కై అని చిన్నప్పుడు వల్లె వేసిన చతుర్థీ విభక్తే అది. ఎవరో ఒక ప్రభువుకోసం తిరిగేవాడే గూఢచారి. విలేకరి తిరిగేది చదివేవాళ్లకోసం. పైగా పని అయ్యాక తన పేరు తానే అచ్చు వేసుకుంటాడు. ఏ గూఢచారి వేసుకుంటాడు?

ఇది నా చాదస్తం కాదు. 1907లో దేశాలు హేగ్‌లో ఒప్పుకున్న యుద్ధ నిబంధనల్లో 29వ అధికరణం చూడండి. దొంగచాటుగానో అబద్ధపు నెపంతోనో యుద్ధరంగంలో సమాచారం సేకరిస్తే చాలదు, దాన్ని ప్రత్యర్థి పక్షానికి చేరవేసే ఉద్దేశం కూడా ఉంటేనే గూఢచారి అంటుంది. అక్కడా తేల్చింది చతుర్థే. వృత్తి దాచి వెళ్లిన విలేకరి తిరిగొచ్చి అచ్చుకు ఇవ్వని సంగతులు తన సర్కారు అధికారులకు విడిగా చెప్పాడనుకోండి, అప్పుడు మీ మొదటి శీర్షికే ఒప్పు.

గూఢచారికి అచ్చమైన తెలుగు మాట వేగు. కన్నడంలో బేహు, తమిళంలో వేవు దీని తోబుట్టువులే. (వేగుచుక్కలోని వేగు వేరు, అది తెల్లవారడం. ‘వాడితో వేగలేకపోతున్నా’లో వేగు ఇంకోటి.) 1805లో విశాఖకు వచ్చిన లండన్ మిషన్ వాళ్లు ఇక్కడే తెలుగు బైబిల్ పని పట్టుకున్నారు. ఇప్పుడు ఇళ్లలో చదివే తెలుగు బైబిల్లో ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ, తాము పట్టుకోబోయే యెరికో నగరానికి ముందుగా పంపిన ఇద్దరూ ‘వేగులవారు’. వాళ్లను రాహాబు అనే ఆమె మిద్దె మీద దాచింది. ఊరు పడినప్పుడు నీ కుటుంబాన్ని కాపాడతాం, గుర్తుగా కిటికీకి ఎర్ర దారం కట్టుకో అని వాళ్లు మాటిచ్చారు, నిలబెట్టుకున్నారు.

మీరు మాట గురించే అడిగినా, విలేకరి చేసింది ధర్మమేనా అని నాకు అనుమానం వచ్చేది ఈ కథ దగ్గరే. వేగులవాళ్లు కూడా ఆశ్రయమిచ్చిన ఇంటికి దారం కట్టించి వెళ్లారు. విలేకరి ఎవరికి కట్టిస్తున్నాడు? 2013లో బీబీసీ బృందం లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ విద్యార్థులతో కలిసి, విలేకరులమని చెప్పకుండా ఉత్తర కొరియా వెళ్లొచ్చింది. మా పిల్లల ప్రాణాల మీదికి తెచ్చారని ఆ సంస్థ మండిపడింది. 2011లో సుకీ కిమ్ అనే రచయిత్రి ఆ దేశ రాజధాని ప్యాంగ్యాంగ్‌లో ఇంగ్లిష్ టీచరుగా చేరి, తర్వాత ఆ అనుభవాలను పుస్తకంగా వేశారు. ఆమె బయటికి వచ్చేశారు, పాఠం విన్న కుర్రాళ్లు అక్కడే ఉన్నారు. అలాగని వెళ్లకూడదని నేననను. తలుపులన్నీ మూసేసిన దేశంలోకి ముందు తలుపు తట్టి వెళ్లమనడం, అసలు వెళ్లొద్దనడమే. విలేకరి అబద్ధం ఆడాడన్నది నాకు పెద్ద విషయం కాదు. తన అబద్ధానికి జరిమానా ఎవరు కడతారో చూసుకున్నాడా అన్నదే నా ప్రశ్న.

ఇక మీ డెస్కులో రోజూ పనికొచ్చే సంగతి ఒకటి. బ్రిటన్‌లోని అబ్జర్వర్ పత్రికకు రాసే ఫర్జాద్ బాజోఫ్త్‌ను ఇరాక్ 1990 మార్చి 15న ఉరితీసింది. సైనిక కర్మాగారంలో పేలుడు జరిగిందని విని వెళ్లి, అక్కడి మట్టి నమూనాలు తెచ్చుకున్నాడాయన. ఇజ్రాయెల్‌కోసం పనిచేశాడని ఇరాక్ అంది. (మళ్లీ ‘కోసం’ వచ్చింది, చూశారా! మట్టి ఎత్తడం విలేకరి పనేనా అంటే, నేనైతే ఫొటోతో ఆగమనేవాణ్ని.) దీన్ని ‘గూఢచారిగా ఉరితీశారు’ అని రాస్తే ఆ ‘గా’తో తీర్పు మీరే ఇచ్చేసినట్టు. ‘గూఢచారి అంటూ ఉరితీశారు’ అనండి, మాట అన్నవాళ్లదే అవుతుంది. ‘గూఢచర్యం చేస్తూ పట్టుబడ్డాడు’, ‘గూఢచర్యం చేసినట్టు ఆరోపించారు’ అన్నవాటికీ అంతే తేడా. 2019 డిసెంబరులో ‘డాల్ఫిన్స్ నోస్’ అని మన ఊరి కొండ పేరే పెట్టిన గూఢచర్యం కేసులో, విశాఖలో నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేసినప్పుడు ఈ ‘ట్టు’ ఎంత అవసరమో ఊళ్లో చాలామందికి తెలిసొచ్చింది. బీచ్ రోడ్డులో వాకింగ్‌కు వచ్చేవాళ్లు విచారణ కాకముందే ఇంటిదొంగలని తేల్చేశారు. వాళ్లు అనొచ్చు, పత్రిక అనకూడదు.

అజ్ఞాత దగ్గరికి వద్దాం. అజ్ఞాత అంటే ఎవరో తెలియని. ‘అజ్ఞాత వ్యక్తి మృతదేహం’ అని రోజూ వేస్తాం. ‘అజ్ఞాతంలోకి వెళ్లాడు’ అంటే మన జిల్లాల్లో అడవి గుర్తొస్తుంది, కాకపోతే అప్పులవాళ్లు. మీ విలేకరి ఎవరో పాఠకులకు తెలుసు, తెలియనిది ఆ దేశంవాళ్లకే. కాబట్టి కుదరదు. మారువేషం అందామంటే నిజంగా వేషం మార్చి ఉండాలి. 2001లో బురఖాలో అఫ్గానిస్థాన్‌లోకి వెళ్లి తాలిబన్లకు చిక్కిన బ్రిటిష్ విలేకరి ఇవాన్ రిడ్లీకి సరిపోతుంది, టీచరుగా చేరినవారికి సరిపోదు.

వార్తలో అయితే ‘తాను విలేకరినని చెప్పకుండా వెళ్లి’ అని విప్పి రాయండి. శీర్షికలో అంత చోటు లేదంటారా? ‘ముసుగులో విలేకరి’ అనండి. ముసుగు దొంగకూ ఉంటుంది, వీరుడికీ ఉంటుంది. ఎవరిదో కింద వార్త చదివినవాళ్లు తేల్చుకుంటారు. లెక్కపెట్టాను, మీ శీర్షికలాగే ఇదీ సరిగ్గా ఎనిమిది అక్షరాలే.