ఎర్బియం గాజు సరిగా వెలగకపోతే ముందు నీటి సంగతి చూడండి

ఎర్బియం అనే విరళ మృత్తిక లోహాన్ని 1 మోల్ శాతం (అణువుల లెక్కన శాతం) కలిపిన ఫాస్ఫేట్ గాజు 1.53 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం (కంటికి కనిపించని పరారుణ కాంతి) దగ్గర బలహీనంగా వెలుగుతోందనీ, ఎర్బియాన్ని 2 శాతానికి పెంచవచ్చా అనీ మీరు అడిగారు. పెంచవద్దనే నా సలహా. తిరుపతిలో పరిశోధన చేసిన రోజుల్లో నేనూ అదే పని చేసి ఆరు నెలలు పోగొట్టుకున్నాను. శాతం పెంచిన ప్రతిసారీ ఉత్తేజిత స్థితి జీవితకాలం (ఎర్బియం అయాను తాను పీల్చుకున్న శక్తిని వదిలేదాకా నిలుపుకునే సగటు సమయం) తగ్గిందే తప్ప మెరుగుపడలేదు. ఆ గాజు ముక్కలు లేత గులాబీ రంగులో, ఒక్క గాలిబుడగ కూడా లేకుండా ఎంతో స్వచ్ఛంగా ఉండేవి కాబట్టి, లోపం గాజులోనే ఉందని నాకు చాలాకాలం తోచలేదు.

లోపం వాటిలో మిగిలిపోయిన నీటిది. ఆ నీరు గాజులో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంట) రూపంలో ఉంటుంది, దాని కంపనం 3 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అటువంటి రెండు కంపనాల శక్తి కలిస్తే 1.53 మైక్రాన్ల కాంతి శక్తికి ఇంచుమించు సరిపోతుంది కనుక, ఎర్బియం అయాను కాంతిగా వెలువరించవలసిన శక్తి పక్కనున్న హైడ్రాక్సిల్‌కు చేరి వేడిగా మారిపోతుంది. ఎర్బియం పెరిగితే అయానులు దగ్గరవుతాయి, శక్తి ఒకదాని నుంచి మరొకదానికి చేతులు మారుతూ ఏదో ఒక హైడ్రాక్సిల్‌ను చేరడం ఇంకా సులువవుతుంది. మంచి ఫాస్ఫేట్ గాజులో ఈ జీవితకాలం సుమారు 8 మిల్లీసెకన్లు ఉంటుంది. నా తొలి నమూనాలలో 3 దాటలేదు.

నమూనాను రెండు వైపులా పాలిష్ చేసి ఎఫ్‌టీఐఆర్ (ఏ పరారుణ కాంతిని గాజు ఎంత పీల్చుకుంటుందో కొలిచే పరీక్ష) తీయించండి. 3 మైక్రాన్ల దగ్గర వెడల్పైన శోషణ పట్టీ కనిపిస్తే నీరున్నట్టే. నేను అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ కలిపిన మిశ్రమాన్ని నేరుగా 1100 డిగ్రీలకు ఎక్కించేవాణ్ణి. తరువాత ఫ్యూమ్‌హుడ్ (హానికర వాయువులను బయటికి లాగే గూడు) కింద 300 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి, అమ్మోనియా పూర్తిగా పోయాకే వేడి పెంచి, కరిగిన గాజులోకి పొడి ఆక్సిజన్‌ను బుడగలుగా పంపాను. అదే 1 శాతంతో జీవితకాలం 6 మిల్లీసెకన్లు దాటింది. అమ్మోనియా వెలువడే దశను ప్లాటినం క్రూసిబుల్‌లో (కరిగించే మూసలో) చేయకండి, అది పాడవుతుంది. అల్యూమినా మూస వాడితే కరిగిన గాజు దానిని కొంత కరిగించుకుంటుందని గుర్తుంచుకొని, గాజులోని పదార్థాల పాళ్లను చివర మళ్లీ కొలవండి.

పోసిన గాజును వెంటనే అనీలింగ్ కొలిమిలోకి (లోపలి ఒత్తిడి పోయేలా గాజును వేడిగా ఉంచే కొలిమిలోకి) మార్చి, మెల్లగా చల్లార్చండి. రెండు పోలరాయిడ్ల (కాంతిని ఒకే దిశలో కంపించేలా చేసే పలకల) మధ్య పెట్టి చూసినప్పుడు, లోపల ఒత్తిడి మిగిలిందని చెప్పే రంగుల పట్టీలు కనిపించకపోతేనే కోతకు పంపండి.