చెన్నైలో గుండె మార్పిడి జరిగిన పాప కుటుంబానికి బంధువులు ఏం చేయగలరు?

మీ అక్క కూతురికి, తొమ్మిదేళ్ల పాపకి, చెన్నైలో గుండె మార్పిడి అయిందనీ, వారంలో డిశ్చార్జి అన్నారనీ, నెల్లూరులో ఉన్న మీరంతా ఏ రకంగా తోడుండాలో తెలియడం లేదనీ రాశారు. "ఏదన్నా కావాలంటే చెప్పండి" అంటే మాత్రం అక్కా బావగార్లు ఏమీ చెప్పలేరు. ఏం కావాలో ఆలోచించుకునే తీరిక కూడా ఉండదు ఇప్పుడు. పనులు మీరే విడదీసి, ఏది ఎవరిదో పేర్లతో సహా వాళ్ల ముందు పెట్టండి.

మొదటి పని ఇల్లు. సాధారణంగా మొదటి మూడు నెలలు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండమంటారు. ట్రాఫిక్‌లో కూడా అరగంటలో చేరగలిగే చోటు, వంటగది ఉన్నది చూడండి. అద్దె కంటే ముందు గోడలు చూడాలి. చెమ్మ పట్టి బూజు వాసన వస్తుంటే వద్దు. పక్కన ఇల్లు కూలగొడుతున్నా, మెట్రో తవ్వకాలు జరుగుతున్నా వద్దు. ఆ దుమ్ములో ఉండే బూజు మామూలు పిల్లల్ని ఏమీ చేయదు గానీ, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడే ఈ పాప ఊపిరితిత్తుల్లో పాతుకుపోగలదు. బాల్కనీలో పావురాల రెట్ట ఉంటే అదీ ప్రమాదమే. కిటికీలకు దోమల మెష్, దిగేముందు ఏసీ ఫిల్టరు కడిగించడం మర్చిపోవద్దు.

ఇక మందులు. కొత్త గుండెను ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే ముఖ్యమైన మందు టాక్రోలిమస్. అది 12 గంటలకోసారి, ఉదయం 8 అంటే రాత్రి 8కి, పడి తీరాలి. రక్తంలో అది తగ్గితే ఒళ్లు కొత్త గుండెను పరాయిదిగా చూసి దాడి చేస్తుంది. పెరిగితే కిడ్నీలు దెబ్బతింటాయి, చేతులు వణుకుతాయి. రక్తంలో ఆ మందు ఎంతుందో (లెవెల్) చూసే రోజు ఉదయం డోసు వేయకుండా, మందు వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక వేయాలి. ముందే వేస్తే లెవెల్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అది చూసి డోసు తగ్గిస్తే అసలు ముప్పు అక్కడ.

తప్పు ఎక్కువగా జరిగేది ఫోన్ దగ్గర. రిపోర్టు సాయంత్రం వస్తుంది, ఆసుపత్రిలో మార్పిడి పనులు చూసే కో-ఆర్డినేటర్ ఫోన్ చేసి డోసు మార్చమంటారు, బావగారు వింటారు, అక్క పాత డోసే వేస్తుంది. గోడ మీద తెలుగులో ఒకే చార్టు పెట్టండి: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని క్యాప్సూల్స్, ఏ టైము. ఫోన్ ఎత్తినవాళ్లు విన్నది తిరిగి అప్పజెప్పి, అప్పటికప్పుడే చార్టు దిద్దాలి. 0.5, 1 మిల్లీగ్రాముల స్ట్రిప్పులు వేర్వేరు డబ్బాల్లో ఉంచాలి. షాపులో అదే మందని ఇంకో కంపెనీది ఇస్తే తీసుకోకండి, కంపెనీ మారితే లెవెల్ మారవచ్చు. డోసు వేయగానే వాంతి అయితే మళ్లీ వేయాలా వద్దా అన్నది కో-ఆర్డినేటర్‌నే అడగాలి. విరేచనాలైనా చెప్పాలి, అప్పుడు లెవెల్ పెరుగుతుంది. జ్వరానికి ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ సిరప్ వేయకూడదు. వేరే డాక్టరు ఏ యాంటీబయాటిక్ రాసినా ముందు ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్ లాంటివి టాక్రోలిమస్‌ను బాగా పెంచేస్తాయి.

చూడటానికి వచ్చే పెద్దవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. తిప్పతీగ, అశ్వగంధ, ఇమ్యూనిటీ కషాయాలు ప్రేమతోనే తెస్తారు. కానీ ఆ రోగనిరోధక శక్తిని అణచడానికే కదా ఈ మందులన్నీ. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ పూర్తిగా మానాలి, అవి మందు లెవెల్ పెంచుతాయి. కొబ్బరి బొండాలు కూడా అడగకుండా ఇవ్వొద్దు. టాక్రోలిమస్ వల్ల పొటాషియం పెరుగుతుంది, కొబ్బరి నీళ్లలో అదే ఎక్కువ. ఆవకాయ జాడీ ఇంటి దగ్గరే ఉంచండి, స్టెరాయిడ్ వాడుతుండగా ఉప్పు తగ్గించాలి. అప్పుడే వండిన వేడి అన్నం, పప్పు, బాగా ఉడికిన గుడ్డు, కాచి చల్లార్చిన నీళ్లు, ఇంట్లో తొక్క తీసిన పండు ఇవ్వొచ్చు. మొలకలు, పానీపూరీ, బయటి చట్నీ, పచ్చిపాలతో చేసిన పంచామృతం వద్దు. తిరుమల మొక్కు ఉంటే డాక్టర్లు ఒప్పుకునే దాకా ఆగండి. ఆ క్యూల రద్దీ, తలనీలాల కత్తి, రెండూ ఇప్పుడు పాపకు పనికిరావు.

స్టెరాయిడ్‌తో బుగ్గలు ఉబ్బుతాయి, చిరాకు పెరుగుతుంది. పాప ముందు ఎవరూ ఆ మాట ఎత్తకండి. ఆపరేషన్‌లో కోసిన ఛాతీ ఎముక అతికే ఆరు నుంచి ఎనిమిది వారాలు చంకల కింద చేతులేసి ఎత్తకూడదు.

ఇంట్లో పాపకు తమ్ముడో చెల్లో ఉండి ఐదేళ్లలోపైతే, పోలియో ఆదివారం నాడు చుక్కలు వేయించే ముందు డాక్టరుని అడగండి. చుక్కల్లోని వైరస్ మలంలో బయటికి వచ్చి పాపకు సోకవచ్చు. ఇంజెక్షన్ రూపంలో ఉన్నదైతే ఆ భయం లేదు. ఇంట్లోవాళ్లంతా ఫ్లూ టీకా వేయించుకోండి. ఎవరికైనా అమ్మవారు పోసిందని తెలిస్తే, పాప వాళ్ల దగ్గరికి వెళ్లి ఉంటే, పొక్కులు వచ్చేదాకా చూడకుండా ఆ రోజే ఫోన్ చేయాలి. కాపాడే మందు తొలి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది.

మార్చిన గుండెకు నరాల సంబంధం తెగిపోయి ఉంటుంది. అందుకే అది ఊరికే కూర్చున్నా కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, ప్రమాదం వచ్చినా ఛాతీ నొప్పి రాకపోవచ్చు. కాబట్టి నొప్పి కోసం ఎదురుచూడకండి. తిండి మానేయడం, కడుపు నొప్పి, వాంతులు, ఒక్కసారిగా బరువు పెరగడం, ముఖమో కాళ్లో వాయడం, జ్వరం, వీటిలో ఏదైనా ఫోన్ చేయాల్సిందే. రోజూ ఒకే సమయానికి బరువు, బీపీ, జ్వరం రాసి పెట్టే పని బావగారిది చేయండి, అక్కకు ఆ కాస్త నిద్ర దొరుకుతుంది.

డబ్బు సంగతి నెల్లూరులో ఉన్నవాళ్లే చూడాలి. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి ఆసుపత్రి ఇచ్చే ఎస్టిమేట్‌తో అర్జీ పెడతారు, డబ్బు నేరుగా ఆసుపత్రికే వెళ్తుంది, కట్టేసిన బిల్లులకు రాదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా వెళ్లండి. ఒరిజినల్ బిల్లులు ఒక్క చోటే ఇవ్వగలరు, కాబట్టి ప్రతి కాగితం స్కాన్ చేశాకే ఇవ్వాలి. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ఆ ఆసుపత్రిలో దేనికి వర్తిస్తుందో డిశ్చార్జికి ముందే కనుక్కోండి. చందాలు పోగైతే అంతా ఆపరేషన్ బాకీకే కట్టేయకండి. ఈ మందులు జీవితాంతం వాడాలి, అందులో ఆరు నెలల మందుల ఖర్చు పక్కన పెట్టండి.

పాప నెల్లూరు తిరిగొచ్చే ముందు నెల్లూరులోని పిల్లల డాక్టరు ఒకరితో మాట్లాడి, డిశ్చార్జి సమ్మరీ కాపీ ఇచ్చి రండి. టాక్రోలిమస్ లెవెల్‌కు రక్తం ఏ ల్యాబులో తీస్తారో, రిపోర్టు ఎన్ని గంటల్లో వస్తుందో అడగండి. ఇంట్లో ఎప్పుడూ కనీసం 15 రోజుల మందు అదనంగా ఉండాలి. తుపాను వచ్చి రోడ్డు మూసుకుపోయినా డోసు ఆగదు.