మూడు చిత్రాల నొరికో ఒక్కతేనా?

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు తీసిన మూడు చిత్రాలలో నటి సెత్సుకో హారా పాత్ర పేరు నొరికోయే కావడంతో, అది ఒకే కథకు కొనసాగింపేమోనని, ఏ వరుసలో చూడాలో తేలడం లేదని మీరు రాశారు. అవి వేర్వేరు కథలు, వేర్వేరు కుటుంబాలు. ‘లేట్ స్ప్రింగ్’ (1949)లో ఆమె తండ్రిని ఒంటరిగా వదిలి పెళ్లికి ఒప్పుకోలేని కూతురు. ‘ఎర్లీ సమ్మర్’ (1951)లో తన పెళ్లిని తానే నిర్ణయించుకునే ఉద్యోగిని. ‘టోక్యో స్టోరీ’ (1953)లో యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న కోడలు. నటుడు చిషూ ర్యూ ఈ మూడింటిలో వరుసగా ఆమెకు తండ్రిగా, అన్నగా, మామగారిగా నటించడం తికమకను మరింత పెంచుతుంది.

ఏది ముందు చూసినా ఇబ్బంది లేదు గానీ, ‘టోక్యో స్టోరీ’ని చివరికి ఉంచుకోండి. కన్నబిడ్డలు తీరిక లేదని తప్పుకున్నచోట ఆదరించిన ఆ కోడలికి మామగారు చనిపోయిన తన భార్య గడియారాన్ని ఇచ్చినప్పుడు, అంతవరకు చిరునవ్వు చాటున దాచుకున్న దుఃఖం ఆమె ముఖంలో ఒక్కసారిగా బయటపడే తీరు, మిగతా రెండు చిత్రాలు చూసినవారికి మరింత బాగా అందుతుంది.

1920లో యోకొహామాలో పుట్టి 1935లో తెరమీదికి వచ్చిన హారా, 1960ల తొలి సంవత్సరాలలోనే నటన విడిచి, 2015లో మరణించే వరకు కమకురాలో ప్రచారానికి దూరంగా జీవించారు. ఓజుదే అయిన ‘లేట్ ఆటమ్’ (1960)ను మాత్రం ఈ వరుసలో కలపకండి. అందులో ఆమెది తల్లి పాత్ర.