సెగను కాంతి అనవచ్చా?

సందేహం: "పేలిన నక్షత్రం చుట్టూ ఉన్న ధూళి పరారుణ కాంతిని వెలువరిస్తుంది" అని క్లాసులో చదివితే, ఒక కుర్రాడు లేచి "కంటికి కనబడనిది కాంతి ఎలా అవుతుందండీ?" అన్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, రాజోలు

సమాధానం: వాణ్ణి నా తరఫున మెచ్చుకోండి. పరారుణం అంటే ఎరుపుకు అవతలిది, మాటలో దోషం లేదు. కానీ కోనసీమలో ఉంటూ మీకు 'సెగ' గుర్తుకు రాలేదే అని నా బాధ!

మా అమ్మమ్మ పెరట్లో దాలి ఉండేది. పిడకలు, కొబ్బరి డొక్కలు రాజేసి పాలకుండ పెట్టేది. మధ్యాహ్నానికి మంటా ఉండదు, ఎర్రదనమూ కనబడదు, పైన తెల్లటి పొర. జానెడు ఎత్తున అరచెయ్యి పట్టి "ఇంకా ఉందిరా" అనేది. ఆ ఉన్నది సెగ, ఆ పొర నివురు. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు దాటాక ఏ రంగూ లేనిచోట థర్మామీటరు పెట్టాడు. అది పైకెక్కింది. ఆయన కూడా వాటిని వేడి కిరణాలనే అన్నాడు.

నివురు మాట వచ్చింది గనక, దాని దగ్గరి చుట్టం 'నీఱు' గురించి చెప్పకుండా ఉండలేను. అర్థం బూడిదే. తమిళులు విభూతిని తిరునీఱు అంటారు, ఆ నీఱే ఇది. మనం బండి ఱను అటకెక్కించాం, నీఱు కాస్తా 'నీరు' అయి కూర్చుంది. ఇప్పుడు 'నీరుగప్పిన నిప్పు' అని చదివి, నీళ్లు పోస్తే నిప్పు ఆరిపోదా అని నన్నే అడుగుతున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

1987లో పెద్ద మెగల్లాన్ మేఘంలో (పేరుకే మేఘం, నిజానికి మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ) ఒక నక్షత్రం పేలడం కనబడింది. అక్కడ సుమారు సగం సూర్యుడంత బరువు ధూళి ఉందని 2011లో తేల్చింది హెర్షెల్ పేరు పెట్టుకున్న అంతరిక్ష టెలిస్కోపే, ఈ కనబడని కిరణాలను పట్టుకునే. నివురుగప్పిన నక్షత్రం అనాలని నోరూరుతుంది. అయితే ఆ ధూళి ఉష్ణోగ్రత మైనస్ 250 డిగ్రీల దగ్గర. దాన్ని సెగ అంటే అమ్మమ్మ ఒప్పుకోదు. పైగా అది కాలి మిగిలిన బూడిద కాదు, ఎగజిమ్మిన వాయువు చల్లారి రేణువులు కట్టింది. గిన్నె అడుగున పట్టే మసి దానికి కొంత దగ్గర. కాబట్టి 'ధూళి'ని కదపకండి, 'దుమ్ము' అన్నా సరే.

'కాంతి'కి మొదటి అర్థం కమనీయత, కాబట్టి కుర్రాడి పేచీలో న్యాయం ఉంది. 'పరారుణ కిరణాలు' అంటే గొడవ తగ్గుతుందేమో. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయించండి, మార్కులు నేనివ్వను కదా. 'ఉద్గారించబడుతున్నాయి' అని రాసేవాళ్లు ఎదురైతే మాత్రం నా దగ్గరకు పంపండి.