గతుకుల దారికి ఎలాంటి స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) కొనాలి?

మీ వీధి కంకర రోడ్డు, పాపకు పది నెలలు అన్నారు కాబట్టి మొదట చక్రాలు చూడండి. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ చక్రం కంకరలో ఇరుక్కుంటే బండి ముందుకు తూలుతుంది. 12 అంగుళాలకు తగ్గని గాలి టైర్లు, సస్పెన్షన్ ఉంటే కుదుపు బాగా తగ్గుతుంది. పంక్చర్ పడుతుందని భయమా? సైకిల్ షాపువాళ్లకు అదెంత పని!

మూడు చక్రాల బండి అయితే ముందు చక్రం సందు మలుపుల్లో తిరగాలి, గతుకుల్లో కదలకుండా లాక్ కావాలి. భుజాలు, నడుము, కాళ్ల మధ్య పట్టి ఉంచే ఐదు పట్టీల బెల్టు తప్పనిసరి. హ్యాండిల్‌కు కూరగాయల సంచి తగిలించారంటే, పాపను దించగానే బండి వెనక్కి పడిపోవచ్చు.

ఈ రకం బండ్లు చాలావరకు 10 కిలోలు దాటుతాయి. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటే మాత్రం కొనకండి.