అమ్మను గ్లాస్గో తెచ్చుకుంటే కేర్ అంతా ఫ్రీయేనా?

ప్రశ్న: మా అమ్మకు 81 ఏళ్లు, బ్రిటిష్ పౌరురాలు. ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో ఒక్కతే ఉంటోంది. సొంతిల్లు, 40 వేల పౌండ్ల సేవింగ్స్ ఉన్నాయి. ఇప్పుడు స్నానానికి కూడా మనిషి సాయం కావాలి. మేం గ్లాస్గోలో ఉంటాం. స్కాట్లాండ్‌లో అంతా ఫ్రీ అంటున్నారు. తీసుకొచ్చేయమంటారా?

జవాబు: అమ్మగారు మీ ఇంట్లోనే ఉండేటట్టయితే తప్పకుండా తీసుకురండి. కేర్ హోమ్‌లో చేర్చే ఆలోచన ఉంటే మాత్రం తొందరపడకండి.

స్కాట్లాండ్‌లో 65 దాటినవాళ్లకు 2002 నుంచి పర్సనల్ కేర్ ఉచితం. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) వాళ్లు చూసి అవసరమని తేలిస్తే చాలు, ఆస్తిపాస్తులు అడగరు. పొద్దున్నే కేరర్ వచ్చి స్నానం చేయించడం, బట్టలు తొడగడం, మాత్రలు వేయించడం, రాత్రి తడిసిన పక్కబట్టలు మార్చడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. ఇల్లు తుడవడం, సరుకులు తేవడం రావు. వాటికి డబ్బు అడగొచ్చు.

అదే స్నానానికి కార్లైల్‌లో ఆవిడే కట్టుకోవాలి. ఇంగ్లండ్‌లో చేతిలో 23,250 పౌండ్లు దాటి ఉంటే ఖర్చంతా సొంతమే. 2010 నుంచి ఆ అంకె కదల్లేదు. జీవితకాలం మొత్తానికి 86 వేలకు మించి కట్టక్కర్లేకుండా చేస్తామన్నారు, 2024లో అదీ రద్దయింది. దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకున్న కుటుంబాలను తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

గ్లాస్గోలో కేర్ హోమ్‌లో చేరితే మాత్రం పర్సనల్ కేర్ కింద కౌన్సిల్ వారానికి సుమారు 250 పౌండ్లు హోమ్‌కు కడుతుంది. గదికి, తిండికి అయ్యేది ఆవిడదే. బిల్లులో పెద్ద వాటా అదే. అప్పుడు కార్లైల్ ఇల్లు కూడా లెక్కలోకొస్తుంది. అలాగని ఇల్లు మీ పేరు మీదికి మాత్రం రాయించుకోకండి. కేర్ ఖర్చు తప్పించుకోవడానికే మార్చారని కౌన్సిల్ అనుకుంటే, ఇల్లు ఇంకా ఆవిడదే అన్నట్టు లెక్కగడుతుంది. ఇంగ్లండ్, స్కాట్లాండ్ రెండింట్లోనూ ఇంతే.

కార్లైల్‌లో చేసిన అసెస్‌మెంట్ (ఏ సాయం కావాలో కౌన్సిల్ చూసి తేల్చడం) ఇక్కడ దానంతటదే చెల్లదు. గ్లాస్గోలో ఈ కేర్ ఏర్పాట్లు చూసే గ్లాస్గో సిటీ హెల్త్ అండ్ సోషల్ కేర్ పార్ట్‌నర్‌షిప్‌కు ముందే ఫోన్ చేయండి. ఆవిడకు అటెండెన్స్ అలవెన్స్ (మనిషి సాయం కావలసిన పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే భత్యం) వస్తుంటే అడ్రస్ మారిన సంగతి వెంటనే చెప్పండి. స్కాట్లాండ్‌లో దాని బదులు పెన్షన్ ఏజ్ డిజెబిలిటీ పేమెంట్ ఇస్తారు. కేరర్ రావడం మొదలయ్యేదాకా బయటి మనిషిని పెట్టుకోవడానికి ఆ 40 వేలల్లోంచి కొంత తీసి ఉంచండి. ఇల్లు అమ్మకం సంగతి, ఆవిడ మీ దగ్గర ఒక చలికాలం గడిపాక చూసుకోవచ్చు.